తల్లిలేని ఒరాంగుటాన్ పిల్లను మళ్ళీ అడవికి చేర్చడం: ఏం చేస్తారు, ఎక్కడ చెడుతుంది

మీరు అడిగినవి మూడు. తల్లిని పోగొట్టుకున్న ఒరాంగుటాన్ పిల్లను పెంచి మళ్ళీ అడవిలో వదలడం నిజంగా కుదురుతుందా? వదిలాక అది బతుకుతుందా? మన ఊళ్ళ నుంచి వెళ్ళి ఆ పిల్లల్ని సాకే పనిలో చేరొచ్చా?

కుదురుతుంది. ఏడెనిమిదేళ్ళు పడుతుంది. పాలు పట్టి బతికించడం అందులో చిన్న భాగమే. అడవిలో ఒరాంగుటాన్ పిల్ల ఆరేడేళ్ళ వరకూ తల్లిపాలు తాగుతుంది. రెండు కాన్పుల మధ్య ఎడం ఏడు నుంచి తొమ్మిదేళ్ళు. ఆ ఏళ్ళన్నీ తల్లి వెంట తిరుగుతూ ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ కొమ్మ బరువు మోస్తుందో, దేన్ని చూసి పారిపోవాలో నేర్చుకుంటుంది. అదంతా మనుషులు నేర్పాలి. నేర్పుతూనే, మనుషులకు అది అలవాటు పడకుండా చూడాలి. మొదటి ఏడాది ఏ చెయ్యి ఎత్తుకోకపోతే పిల్ల చనిపోతుందో, ఐదో ఏట కూడా అదే చెయ్యి ఎత్తుకుంటే ఆ పిల్ల ఇక అడవికి పనికిరాదు. ఈ పనిలో చెడినవి చాలావరకు ఆ చెయ్యి ఎప్పుడు దించాలో తెలియక చెడినవే.

ముందు ఈ పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పాలి. ఒరాంగుటాన్లు ఉండేది బోర్నియో, సుమత్రా దీవుల్లో మాత్రమే. మూడు జాతులు: బోర్నియో, సుమత్రా, 2017లో వేరే జాతిగా గుర్తించిన తపానులి. మూడూ అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్నవే. తపానులి రకం 800 కంటే తక్కువే మిగిలాయి. తల్లి బతికుండగా దాని ఒంటి మీంచి పిల్లను ఎవరూ లాక్కోలేరు. కాబట్టి ఇలాంటి పిల్లల్ని సాకే కేంద్రానికి వచ్చిన ప్రతి పిల్ల వెనకా దాదాపు ఒక చచ్చిన తల్లి ఉంటుంది. అడవి కొట్టి పామాయిల్ తోట వేసేటప్పుడు, 1997-98లోనూ 2015లోనూ చెలరేగినటువంటి మంటల తర్వాత, తోటలో మొవ్వ తినడానికి వచ్చినప్పుడు తల్లిని చంపుతారు, పిల్లను పెంపుడు జంతువుగా అమ్ముతారు. 2019లో సుమత్రాలో దొరికిన హోప్ అనే ఆడ ఒరాంగుటాన్ ఒంట్లో 74 ఎయిర్‌గన్ గుళ్ళు బయటపడ్డాయి. రెండు కళ్ళూ పోయాయి, పిల్ల ఆసుపత్రికి చేరేలోపే చనిపోయింది. ఏలూరు, ఖమ్మం వైపు మనం చూసే పామాయిల్ తోటలు ఒరాంగుటాన్ అడవి కొట్టి వేసినవి కావు. కానీ మన దేశంలో వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చేదే.

పిల్ల చేతికి వచ్చిన మొదటి రెండు మూడు రోజులు. ఎక్కువమంది చేసే తప్పు, ఆకలితో ఉందని వెంటనే పాలు పట్టడం. చల్లబడిపోయి, ఒంట్లో నీళ్ళు లేని పిల్లకు పాలు అరగవు. కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు మొదలవుతాయి, అక్కడితో ఆఖరు. వరస ఇది: ముందు వెచ్చబరచాలి. ఒంటికి ఆనించుకున్నా సరే, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా పెట్టినా సరే. ఒళ్ళు వెచ్చబడ్డాక ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా. అది నిలిచాక సగం పలచన చేసిన పాలు. ఒకటి రెండు రోజుల్లో మామూలు చిక్కదనం. వాడేది మనుషుల పసిపిల్లల పాలపొడే. రోజు మొత్తానికి ఒంటి బరువులో సుమారు 20 శాతం లెక్క. కిలోన్నర పిల్లకు రోజుకు 300 మిల్లీలీటర్లు. దాన్ని రాత్రీ పగలూ కలిపి రెండు మూడు గంటలకోసారి, ఒక్కోసారికి 25 నుంచి 40 మిల్లీలీటర్ల దాకా పడతారు. ఒకేసారి ఎక్కువ పడితే పొట్ట పట్టదు.

పట్టే తీరు కూడా ముఖ్యం. మన పసిపిల్లల్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టినట్టు పడుకోబెట్టకూడదు. అడవిలో పిల్ల తల్లి రొమ్మును కరుచుకుని, పొట్ట ఆనించి, తల పైకెత్తి తాగుతుంది. చుట్టిన దుప్పటినో, సంరక్షకురాలి ఛాతీనో పట్టుకోనిచ్చి, తల నిటారుగా ఉంచి సీసా అందించాలి. పాలసీసా పీకకున్న రంధ్రం పెద్దదైతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కులోంచి పాల బుడగ కనిపిస్తే వెంటనే ఆపాలి. రెండు రోజుల తర్వాత వచ్చే న్యుమోనియాకు మొదలు ఆ బుడగే. బరువు రోజూ ఒకే వేళకు, పాలకు ముందు తూచాలి. వరసగా మూడు రోజులు పెరగకపోతే ఎక్కడో రోగం ఉందనే లెక్క.

ఇళ్ళలో దొరికిన పిల్లల్లో ఇంకో రకం జబ్బు ఉంటుంది. కండెన్స్‌డ్ మిల్క్, టీ, అన్నం పెట్టి, ఎండ తగలని గదిలో గొలుసుతో కట్టేస్తారు. ఎముకలు మెత్తబడతాయి, కాళ్ళు వంకర పోతాయి. విటమిన్ డి, కాల్షియం ఇస్తే చిన్న వయసులో చాలావరకు సర్దుకుంటుంది, నాలుగైదేళ్ళు దాటితే వంకర మిగిలిపోతుంది. వంకర చేతులతో ఎక్కగలిగినవీ ఉన్నాయి కాబట్టి ఎక్స్‌రే చూసి ఆశ వదులుకోకూడదు, చెట్టు మీద చూసి నిర్ణయించాలి.

తర్వాత క్వారంటైన్. కనీసం 30 రోజులు, చాలాచోట్ల 60 నుంచి 90. దీన్ని ఒంటరి జైలు చేయకూడదు. ఒకే రోజు వచ్చినవి ఉంటే కలిపి ఉంచొచ్చు, పసిపిల్లకు ఒక్కరే సంరక్షకురాలు అంటిపెట్టుకుని ఉండాలి. ఈ రోజుల్లో చేసే పరీక్షల్లో రెండిటి దగ్గర అనుభవం లేనివాళ్ళు పొరబడతారు. ఒకటి క్షయ. చర్మంలోకి సూదితో చేసే ట్యూబర్‌క్యులిన్ పరీక్ష ఒరాంగుటాన్లలో తరచూ తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది, మట్టిలో ఉండే నిరపాయమైన బాక్టీరియా తగిలినా సరే. ఆ వాపు ఒక్కటే చూసి క్షయ అని ముద్ర వేయకూడదు. ఛాతీ ఎక్స్‌రే తీసి, శ్వాసనాళం కడిగిన ద్రవాన్ని బాక్టీరియా పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపి అప్పుడు తేల్చాలి. రెండోది హెపటైటిస్ బి. ఒరాంగుటాన్లకు వాటి సొంత వైరస్ ఒకటి ఉంది. మనుషుల కోసం చేసిన కిట్ రెండింటికీ పాజిటివ్ అంటుంది. వైరస్ జన్యుక్రమం చదివిస్తేనే మనిషిదా దానిదా తెలుస్తుంది. మనిషిదైతే అది అడవికి వెళ్ళకూడదు. దాని సొంతదైతే వెళ్ళొచ్చు. ఒక జంతువు బతుకంతా ఈ తేడా మీద ఆధారపడి ఉంటుంది.

రోగం మన నుంచి వాటికి పాకడం ఇంకా పెద్ద భయం. మన జలుబు వాటి ప్రాణం తీయగలదు. పనిచేసేవాళ్ళందరికీ క్షయ, హెపటైటిస్ పరీక్షలు చేస్తారు. దగ్గు ఉన్నా, పెదవి మీద జ్వరపు పొక్కు లేచినా ఆ రోజు పిల్లల దగ్గరికి రానివ్వరు. ఒరాంగుటాన్‌కు గొంతు కింద పెద్ద గాలి సంచి ఉంటుంది. జలుబు అందులోకి దిగితే చీము పట్టి నెలల తరబడి వేధిస్తుంది.

పురుగుల్లో ప్రమాదకరమైనది స్ట్రాంగిలాయిడిస్. ఇది ఒంట్లోనే మళ్ళీ మళ్ళీ పెరుగుతుంది, మట్టిలోంచి చర్మం గుండా కూడా లోపలికి వెళుతుంది. మందు వేసినా అదే మట్టిలో ఆడితే తిరిగి వస్తుంది. అందుకే బోను నేల ఎత్తులో ఉండాలి, పెంట ఎప్పటికప్పుడు ఎత్తేయాలి, పిల్లలు ఆడే చోటు మారుస్తూ ఉండాలి. ఒక్క పేడ నమూనాలో కనపడలేదంటే లేనట్టు కాదు, వేరువేరు రోజుల్లో మూడు చూడాలి.

ఇక బడి. బోర్నియోలో దీన్ని ఫారెస్ట్ స్కూల్ అనే అంటారు. ఏడాది దాటిన పిల్లల్ని పొద్దున్నే కేంద్రం పక్క అడవికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం దాటాక తిరిగి తెస్తారు. మొదట్లో అవి సంరక్షకురాలి నడుము వదలవు. బలవంతంగా పీకి కొమ్మకు తగిలిస్తే ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. ఆమె చెట్టు మొదట్లో కూర్చుని, ఇంకొంచెం పెద్ద పిల్లలు పైన ఉన్న చోటు ఎంచుకుంటే కొన్ని వారాల్లో అవే పైకి పోతాయి. పిల్లలు మనిషి కంటే తోటి పిల్లల నుంచి తొందరగా నేర్చుకుంటాయి.

పండ్లు నేల మీద పెట్టకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నేల మీద తిండి దొరుకుతుందని నేర్చుకున్న ఒరాంగుటాన్ జీవితమంతా కిందకు దిగుతూనే ఉంటుంది. కింద పురుగులు, పందులు, మనుషులు ఉంటారు. సుమత్రాలో పులి కూడా ఉంటుంది. అందుకని తాడుతో కొమ్మలకు కడతారు, ఎత్తు నెలనెలా పెంచుతారు. పిల్లలు ఏదైనా ముద్దొచ్చే పని చేసినప్పుడు నవ్వి దగ్గరకు తీసుకున్నా అదే ఫలితం. ఇవి చూసి నేర్చుకోవడంలో చాలా చురుకు. బోర్నియోలోని పాత కేంద్రం క్యాంప్ లీకీలో మనుషుల మధ్య తిరిగినవి సబ్బుతో బట్టలుతకడం, పడవ తాడు విప్పి తీసుకుపోవడం నేర్చుకున్నాయని పరిశోధకులు రాసి పెట్టారు. వీడియోలో అది అందంగా ఉంటుంది. ఆ తెలివి మనుషుల వస్తువుల మీద ఖర్చయింది, అడవి మీద కాదు.

గూడు కట్టడం బడిలో అన్నిటికంటే పెద్ద పరీక్ష. అడవిలో ఒరాంగుటాన్ ప్రతి సాయంత్రం కొత్త గూడు కడుతుంది. కొమ్మ చీలిన చోట కూర్చుని, అందిన గట్టి కొమ్మను తనవైపు వంచి పాదంతో తొక్కిపడుతుంది. దాని మీద అడ్డంగా ఇంకొకటి, ఆపైన మరొకటి. పచ్చి కొమ్మ సగం విరిగి వంగి నిలబడాలి. పూర్తిగా తెగితే జారిపోతుంది. అంచులు లోపలికి మడిచాక చిన్న ఆకు రెమ్మలు తెంపి పరుచుకుంటుంది. చేయి తిరిగిన పెద్దదానికి పది నిమిషాలు చాలు. అడవి పిల్లలు ఏడాదిలోపే ఆటగా మొదలుపెట్టి మూడు నాలుగేళ్ళకు పడుకోదగిన గూడు కడతాయి. కేంద్రంలో పిల్లలు పగలు ఆట గూళ్ళు కట్టి రాత్రికి బోనులో పడుకుంటాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. పగటి గూడు రాత్రి వానకు ఆగుతుందని రుజువేమీ లేదు. రాత్రిళ్ళు అడవిలోనే గడిపే దశ లేకుండా ముందుకు పంపకూడదు.

తిండి జ్ఞానం అంతకంటే విశాలం. అడవి ఒరాంగుటాన్ వందల రకాల మొక్కలు తింటుంది. మన మేడి, రావి, మర్రి కుటుంబానికి చెందిన పళ్ళు ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతూనే ఉంటాయి కాబట్టి వాటిని గుర్తు పట్టడం ముందు నేర్పుతారు. కానీ బోర్నియో అడవిలో చెట్లన్నీ కలిసి విరగకాసే కాలం కొన్నేళ్ళకోసారి వస్తుంది. మధ్యలో నెలల తరబడి మిగతా పళ్ళు పెద్దగా ఉండవు. అప్పుడు బతికించేవి బెరడు లోపలి మెత్తటి పొర, లేత పేము మొవ్వ, చెదలు. పళ్ళు మాత్రమే తినడం నేర్చిన పిల్ల వదిలిన మొదటి కరువులోనే చిక్కిపోతుంది. సంరక్షకులు బెరడును తమ దంతాలతో గీకి చూపిస్తారు, చెదల పుట్ట విరగ్గొట్టి ముందు పెడతారు. పాముకు, మనిషికి భయపడడం కూడా నేర్పాలి. కేంద్రంలో కొత్త మనుషులు ఎవరూ పిల్లల దగ్గరికి రాకూడదన్న నియమం ఇందుకే.

ఆరేడేళ్ళు వచ్చాక బడి నుంచి దీవికి పంపుతారు. ఒరాంగుటాన్‌కు ఈత రాదు కాబట్టి చుట్టూ నది ఉంటే కంచె అక్కర్లేదు. మధ్య కాలిమంతన్‌లో (బోర్నియోలో ఇండోనేషియా భాగమే కాలిమంతన్) న్యారు మెంతెంగ్ కేంద్రం పిల్లలు సలాట్ దీవికి వెళతాయి. అక్కడ మంచెల మీద తిండి పెడతారు కానీ కడుపు నిండేంత పెట్టరు, మనుషులు పడవలో వచ్చి పెట్టి వెళ్ళిపోతారు. రెండేళ్ళపాటు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తోందో రాస్తారు. పడవ మోటారు శబ్దానికి పరిగెత్తుకొచ్చేది సిద్ధంగా లేనట్టు. మంచె మీద అరటిపండు ఉండగానే వెనక్కి తిరిగి తన చెట్టుకు పోయేది సిద్ధమైనట్టు.

ఎక్కడ వదలాలన్నది పిల్ల సామర్థ్యమంత ముఖ్యం. పాతకాలం కేంద్రాలు ఇక్కడే దెబ్బతిన్నాయి. బోర్నియోలో మలేషియా భాగమైన సబాలో సెపిలోక్ 1964లో, కాలిమంతన్‌లోని తంజుంగ్ పుతింగ్ అడవిలో క్యాంప్ లీకీ 1971లో, సుమత్రాలో బొహొరోక్ 1973లో మొదలయ్యాయి. అప్పట్లో అడవి ఒరాంగుటాన్లు ఉన్న చోటే వదిలేవారు, రోజూ తిండి పెట్టేవారు, చూడటానికి పర్యాటకులు వచ్చేవారు. రోగాలు పాకే దారి తెరుచుకుంది, ఉన్నవాటి తిండికి పోటీ పెరిగింది. ఇండోనేషియా 1995లో అడవి ఒరాంగుటాన్లు ఉన్న చోట కేంద్రంలో పెరిగినవాటిని వదలకూడదని నియమం పెట్టింది. అందుకే ఇప్పుడు ఒకప్పుడు ఉండి అంతరించిపోయిన అడవులను వెతుకుతారు: సుమత్రా దీవిలోని ఆచేలో జంథో, జంబిలో బుకిట్ తిగపులుహ్, తూర్పు కాలిమంతన్‌లో 86,450 హెక్టార్ల కెహ్జే సెవెన్. ఆ అడవిలో ఏ నెలలో ఏ చెట్లు కాస్తాయో ముందే సర్వే చేస్తారు, ఊళ్ళెంత దూరమో చూస్తారు.

ఉపజాతి కూడా చూడాలి. బోర్నియో ఒరాంగుటాన్‌లోనే మూడు ఉపజాతులున్నాయి. పాతరోజుల్లో ఒక ప్రాంతం దాన్ని మరో ప్రాంతంలో వదిలేశారు, వాటి సంతానం ఇప్పటికీ తంజుంగ్ పుతింగ్‌లో ఉందని డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. ఇప్పుడు రక్తం తీసి ఎక్కడిదో తేల్చాకే అడవి ఎంచుతారు.

వదిలే ముందు భుజాల మధ్య చర్మం కింద చిన్న రేడియో పరికరం పెడతారు. మెడపట్టీ కడితే విప్పేస్తుంది. పైగా మగదానికి గొంతు సంచి పెరిగితే బిగుస్తుంది. కొండల అడవిలో ఆ సంకేతం కొన్ని వందల మీటర్లకు మించి అందదు, బ్యాటరీ రెండు మూడేళ్ళలో అయిపోతుంది. అందుకని పరికరం మీద కాకుండా మనిషి మీదే ఆధారపడాలి. గూటి నుంచి గూటిదాకా అంటారు దీన్ని. తెల్లవారకముందే గూడు కిందకు చేరి, అది లేచినప్పటి నుంచి సాయంత్రం మళ్ళీ గూడు కట్టేదాకా వెంట నడిచి, రెండు నిమిషాలకోసారి ఏం చేస్తోంది, ఎంత ఎత్తులో ఉంది, ఏం తింటోంది అని రాస్తారు. కనీసం ఒక ఏడాది. మాస్కు తీయకూడదు, పలకరించకూడదు, అది దిగి దగ్గరకు వస్తే వెనక్కి తగ్గాలి. అడవి దాకా వచ్చాక ఆ చెయ్యి పూర్తిగా దించాల్సింది ఇక్కడే. పెంచినవాళ్ళకు ఇది చాలా కష్టం కాబట్టి వెంట నడిచే బృందంలో వాళ్ళను పెట్టకపోవడమే మంచిది.

చిక్కుతోందా లేదా అని దూరం నుంచి కళ్ళతో చెప్పడం కష్టం, ఒళ్ళంతా వెంట్రుకలు. దానికి చక్కటి పద్ధతి ఒకటుంది. ఒరాంగుటాన్ లేవగానే గూటి అంచు నుంచి మూత్రం పోస్తుంది. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి పట్టి, మనుషుల చక్కెర వ్యాధికి వాడే పరీక్ష పట్టీ ముంచి చూస్తారు. కీటోన్ గడి ఊదా రంగుకు మారితే తిండి చాలక ఒంట్లో కొవ్వు కరుగుతోందన్నమాట. ఒకరోజు మారితే ఆందోళన అక్కర్లేదు. వరసగా కొన్ని రోజులు మారుతూ, తినే సమయం కూడా తగ్గితే అప్పుడు తిండి అందించాలా, తిరిగి పట్టుకోవాలా అని డాక్టర్లు నిర్ణయిస్తారు. తొందరపడి అరటిగెల పెడితే మొదటి రోజే అది మనుషుల క్యాంపు వెతుక్కోవడం మొదలుపెడుతుంది.

బతుకుతాయా అన్నదానికి గట్టి జవాబు పుట్టిన పిల్లలు. జంథోలో 2011 నుంచి, కాలిమంతన్ అడవుల్లో 2012 నుంచి వదిలిన ఆడవాటిలో కొన్ని అడవిలో కన్నాయి, వాటి పిల్లలు తల్లి ఒంటిని పట్టుకునే పెరుగుతున్నాయి. 2017లో దొరికిన తెల్ల ఒరాంగుటాన్ ఆల్బాను కూడా 2018 డిసెంబరులో బుకిట్ బాకా బుకిట్ రాయ నేషనల్ పార్కులో వదిలారు. మరికొన్ని చనిపోతాయి: కరువుకు, దెబ్బలకు, రోగానికి. కొన్నిటిని వదలనే కూడదు. కళ్ళు పోయినవి, మనిషి హెపటైటిస్ ఉన్నవి, పదిహేనేళ్ళు బోనులో గడిపి ఎక్కడం మరిచినవి. వీటికి దీవులే ఇల్లు. అలాంటివాటిని లెక్క కోసం అడవిలో వదలడం కంటే జీవితాంతం సాకడమే సరైన పని.

మీ మూడో ప్రశ్న. పిల్లల్ని ఎత్తుకుని పాలు పట్టే అవకాశం డబ్బు కట్టినవాళ్ళకు ఇస్తామనే చోటికి వెళ్ళకండి. కారణాలు పైన చెప్పినవే. మంచి కేంద్రాల్లో బయటివాళ్ళు పిల్లలకు దూరంగా ఉంటారు. బోన్లు కడతారు, తాళ్ళ నిచ్చెనలు అల్లుతారు, ఆకులు కోసుకొస్తారు, తిండి దాచే బొమ్మలు చేస్తారు. పశువైద్యం చదివినవారైతే మత్తుమందు, ఎక్స్‌రే, ప్రయోగశాల పరీక్షల్లో చేయి తిరిగాక రాయండి. భాష ఇండోనేషియన్ నేర్చుకోండి, అక్కడి ఆయాలంతా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళే, ఇంగ్లీషుతో పని జరగదు. విరాళం ఇచ్చే ముందు ఏ కేంద్రాన్నయినా మూడు సంగతులు అడగండి: వదిలే అడవిలో ఇప్పటికే ఒరాంగుటాన్లు ఉన్నాయా, వదిలాక ఎన్ని నెలలు వెంట నడుస్తారు, చనిపోయినవాటి లెక్క చెబుతారా. మూడోదానికి సూటిగా జవాబిచ్చేవాళ్ళకు ఇవ్వండి.